ఆఖరి ఫారం చూశాకే డబ్బులివ్వండి

ప్రశ్న: షెర్లాక్ హోమ్స్ 4 నవలలు, 56 కథలు అయిపోయాయి. ఇప్పుడు అగాథా క్రిస్టీ చదువుదామనుకుంటే ఆవిడవి 66 డిటెక్టివ్ నవలలున్నాయి! వరసగా చదవాలా? లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొంటాను, ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అచ్చయిన వరస అక్కర్లేదు. 'రోజర్ ఆక్రాయిడ్' (1926) మాత్రం ముందు చదివెయ్యండి. అందులో కిటుకు ఎవరైనా నోరు జారితే మళ్లీ పనిచెయ్యదు. 'డంబ్ విట్‌నెస్' (1937) ఇప్పుడే వద్దు. అందులో క్రిస్టీ డిటెక్టివ్ పోయిరో మాటల మధ్యలో పాత నవలల్లోని నలుగురు హంతకుల పేర్లు చెప్పేస్తాడు. 'రోజర్ ఆక్రాయిడ్'తో పాటు 'స్టైల్స్' (1920), 'బ్లూ ట్రెయిన్' (1928), 'డెత్ ఇన్ ది క్లౌడ్స్' (1935) కూడా అయ్యాకే దాన్ని ముట్టుకోండి. అలాగే 'కార్డ్స్ ఆన్ ది టేబుల్' (1936) కంటే ముందు 'ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' (1934). పోయిరో చివరి కేసు 'కర్టెన్' (1975) అన్నిటికంటే ఆఖర్న.

హోమ్స్ చాలాసార్లు తను చూసింది గుప్పిట్లోనే దాచుకుంటాడు, మనం వాట్సన్‌లా నోరు తెరుచుకుని చూడటమే. క్రిస్టీ ఆధారాలు మన ముందే పరుస్తుంది. కాబట్టి పెన్సిల్ పట్టుకుని ఎవరు ఏ టైముకి ఎక్కడున్నామన్నారో రాసుకోండి. అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టే అధ్యాయం రాగానే పుస్తకం మూసి, ఒక రాత్రి ఆలోచించండి. ఇది నచ్చితే తరవాత ఎలరీ క్వీన్. ఆధారాలన్నీ అందాయి, ఇక మీరే తేల్చండి అని తొలి నవలల్లో పాఠకుడికి సవాలు విసిరే పేజీ ఒకటి ఉంటుంది. తాళం వేసిన గదిలో హత్యలు కావాలంటే జాన్ డిక్సన్ కార్. కానీ 'ది హాలో మ్యాన్' (1935)తో మొదలుపెట్టకండి. 17వ అధ్యాయంలో కార్ డిటెక్టివ్ డాక్టర్ ఫెల్ ఆ గదుల కిటుకులన్నీ క్లాసు పాఠంలా విడమరుస్తాడు.

ఇక కొనడం. ముందు పుస్తకం వెనక నుంచి తెరవండి. పాత పేపర్‌బ్యాక్‌లో జిగురు ఎండితే ఊడేది మొదటి ఫారమో (ఫారం అంటే ఒకే కాగితాన్ని మడిచి చేసిన పేజీల కట్ట), ఆఖరి ఫారమో. మొదటిది పోతే బతకొచ్చు! పేజీ నంబర్లు తెగకుండా ఉన్నాయా చూడండి. పాత్రల పట్టిక ఉంటే మాత్రం కొట్టు దగ్గర తెరవకండి, హంతకుడి పేరు కింద గీత గీసే మహానుభావులు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. ఒకే పుస్తకానికి రెండు పేర్లుంటాయి, జాగ్రత్త: 'లార్డ్ ఎడ్జ్‌వేర్ డైస్' అమెరికాలో 'థర్టీన్ ఎట్ డిన్నర్', 'ది హాలో మ్యాన్' అక్కడ 'ది త్రీ కాఫిన్స్'. అనువాదమో, పిల్లల కోసం కుదించిందో కొనేటప్పుడు అధ్యాయాలు లెక్కపెట్టండి. హోమ్స్ నవల 'బాస్కర్‌విల్స్'కు 15 ఉండాలి.

ప్రశ్న: సగంలోనే హంతకుడెవరో తెలిసిపోతోంది. విసుగొస్తోంది.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు ఆధారాల్ని కాదు, రచయిత అలవాటుని పట్టుకుంటున్నారు. ఒకే రచయితవి వరసగా ఐదారు చదివితే ఎవరికైనా ఇంతే. మూడోదానికే రచయితని మార్చండి. లేదంటే ఆస్టిన్ ఫ్రీమన్ 'ది సింగింగ్ బోన్' (1912) పట్టుకోండి. అందులో చాలా కథల్లో నేరం ముందే మన కళ్లెదుట జరుగుతుంది, డిటెక్టివ్ డాక్టర్ థార్న్‌డైక్ దాన్ని ఎలా పట్టుకుంటాడన్నదే కథ. తెలుగులో కావాలంటే కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు ఉన్నారు. వాటిని ఆధారాల లెక్క కోసం కాకుండా పరుగు కోసం చదవండి.