గోయెచా లా ట్రెక్‌కు ఎన్ని లెన్సులు, ఎంత బరువు?

అక్టోబరులో సిక్కింలోని గోయెచా లా ట్రెక్‌కు వెళుతున్నానని, వంజంగిలో మేఘాలను ఫోటోలు తీయడమే తప్ప హిమాలయాలు తనకు కొత్త అని, మూడు లెన్సులూ ట్రైపాడూ మోసుకెళ్లాలా లేక ఫోను సరిపోతుందా అని ఒకరు అడిగారు. నేను ఆ దారిలో రెండుసార్లు నడిచాను. మొదటిసారి ఉన్న సరంజామా అంతా భుజాన వేసుకున్నాను, రెండోసారి అందులో సగం ఇంట్లోనే వదిలేశాను. రెండోసారి తెచ్చుకున్న ఫోటోలే బాగున్నాయి కాబట్టి, ఒక కెమెరా, రెండు లెన్సులు, తేలికపాటి ట్రైపాడ్‌కు మించి తీసుకెళ్లవద్దనే చెబుతాను.

బరువు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. నడక మొదలయ్యే యుక్సోమ్ 1,780 మీటర్ల ఎత్తున ఉంటే, త్షోకా, జోంగ్రీ, థాన్సింగ్, లామునేల మీదుగా మొదటి వ్యూ పాయింట్ చేరేసరికి మీరు సుమారు 4,600 మీటర్ల ఎత్తుకు వెళతారు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో 60 శాతం కూడా ఉండదు. కిలో బరువున్న లెన్సు హైదరాబాదులో ఒక తీరుగా, అక్కడ ఒక తీరుగా ఉంటుంది. 1899లో బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రెష్‌ఫీల్డ్ బృందంతో కలిసి కాంచన్‌జంగా చుట్టూ తిరిగి వచ్చిన ఇటలీ ఫోటోగ్రాఫర్ విట్టోరియో సెల్లా అంత బరువైన కెమెరాలతో ఎలా పనిచేశాడా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మన సామాను మోయడానికి జోలు (యాక్, ఆవుల సంకరజాతి పశువులు) ఉంటాయి, నిజమే. కానీ జో మీద వేసిన సంచి సాయంత్రం క్యాంపు చేరాకే మళ్లీ చేతికి వస్తుంది కాబట్టి కెమెరాను మాత్రం ఎప్పుడూ దాని మీద వేయకండి. వీపు సంచిలో అడుగున పెట్టినా అంతే, ఆయాసపడుతున్నప్పుడు సంచి దించి తీసే ఓపిక ఎవరికీ ఉండదు. సంచి పట్టీకి ఛాతీ దగ్గర తగిలించుకునే క్లిప్ ఒకటి కొనుక్కోండి.

లెన్సుల విషయంలో కొత్తవాళ్లు ఎక్కువగా వైడ్ యాంగిల్‌ను, అంటే విశాలమైన దృశ్యాన్ని పట్టే లెన్సును నమ్ముకుంటారు, నేనూ అదే చేశాను. కళ్ల ముందు ఆకాశాన్ని మూసేసినట్టున్న 8,586 మీటర్ల కాంచన్‌జంగా, 16 మిల్లీమీటర్ల లెన్సులో గట్టు మీద ఆరేసిన తువ్వాలంత కనిపిస్తుంది. ఆ దారిలో నాకు నచ్చిన ఫోటోల్లో చాలావరకు 70 నుంచి 200 మిల్లీమీటర్ల మధ్య తీసినవే. అందుకే 24-70 లాంటి మామూలు జూమ్ ఒకటి, దూరపు వాటిని దగ్గరగా చూపే, బరువు తక్కువగా ఉన్న టెలి లెన్సు ఒకటి ఉంటే చాలు.

ఇక వెలుగు. వంజంగిలో మంచు కమ్మితేనే ఫోటో, ఇక్కడ మాత్రం మబ్బు లేవడంతోనే ఫోటోల పని అయిపోతుంది. చాలా రోజుల్లో పొద్దున తొమ్మిది, పది దాటాక లోయలోంచి మేఘాలు పైకి వచ్చి శిఖరాలను కప్పేస్తాయి. కాబట్టి వారం రోజుల పైచిలుకు నడకలో ఫోటోకు పనికొచ్చే సమయం నిజానికి మూడు నాలుగు గంటలకు మించదు, వాటి కోసమే శక్తి దాచుకోవాలి. జోంగ్రీ టాప్ మీద తెల్లవారుజామున నిలబడితే కాబ్రూ, కాంచన్‌జంగా శిఖరాల వైపు సూర్యకాంతి నేరుగా పడుతుంది, కానీ కుడివైపున ఉన్న పాండిమ్ శిఖరం వెనకనుంచి వెలుగు వచ్చి అది నల్లటి నీడలా ఉండిపోతుంది. మొదటిసారి నేను ఆ నల్లటి ముద్దనే పదిహేనుసార్లు తీసి వచ్చాను. పాండిమ్ కావాలంటే థాన్సింగ్‌లో సాయంత్రం వరకు ఆగండి, మబ్బు విడిస్తే పడమటి ఎండ దాని ముఖం మీద పడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ తడబడేది ఎక్స్‌పోజర్ దగ్గర, అంటే కెమెరా ఎంత వెలుతురు తీసుకోవాలన్న లెక్క దగ్గర. పట్టపగలు మంచును తీసినప్పుడు కెమెరా దాన్ని బూడిద రంగులోకి దించేస్తుంది కాబట్టి ఒక స్టాపు (అంటే వెలుతురు రెట్టింపు) పెంచాలని అందరూ చెబుతారు, అది సరైనదే. అయితే తెల్లవారుజామున దీనికి పూర్తిగా తలకిందులు. అప్పుడు శిఖరం కొన మాత్రమే నిప్పు కణికలా ఉంటుంది, మిగిలిన ఫ్రేమంతా చీకటే. కెమెరా ఆ చీకటిని వెలిగించబోయి, మనం వచ్చిందే దేనికోసమో ఆ కొనను తెల్లగా మాడ్చేస్తుంది. కాబట్టి తెల్లవారుజామున ఒక స్టాపు, ఒక్కోసారి రెండు స్టాపులు తగ్గించి, రా ఫార్మాట్‌లో (కెమెరా పట్టిన సమాచారాన్ని మార్చకుండా దాచే పద్ధతిలో) తీసి, ఫోటోలోని వెలుగునీడలను చూపే గ్రాఫ్ అయిన హిస్టోగ్రామ్ కుడి అంచుకు తగలకుండా చూసుకోండి. నీడలోని రాళ్లను తరువాత ఇంట్లో కొంతైనా పైకి తీసుకురావచ్చు, మాడిపోయిన మంచును మాత్రం ఎవరూ తిరిగి తీసుకురాలేరు.

మొదటి ప్రయాణంలో నేను చేసిన పెద్ద తప్పు లామునే క్యాంపులో జరిగింది. రాత్రి భోజనాల గుడారంలోకి, బయట గంటసేపు చలిలో ఉన్న కెమెరాను అలాగే తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. లోపల పన్నెండు మందిమి, పెద్ద గిన్నెలో పప్పు పొగలు కక్కుతోంది. రెండు నిమిషాల్లో లెన్సు మీద ఆవిరి చెమ్మలా పట్టింది. తుడిచి, మూత పెట్టి, సంచిలో దాచాను. తెల్లవారుజామున రెండున్నరకు బయలుదేరి వ్యూ పాయింట్ చేరి మూత తీస్తే, హెడ్‌లాంప్ వెలుగులో లెన్సు మీద ఈకల్లాంటి మంచు ముగ్గు కనిపించింది. కంగారులో ఉన్ని గ్లోవ్‌తో రుద్దాను, అది కరిగి జిడ్డుగా పరుచుకుంది. ఈలోగా అటు కొన మీద గులాబీ రంగు వచ్చి, పసుపుగా మారి, మామూలు ఎండైపోయింది. ఆ ఉదయం నేను తీసిన ప్రతి ఫోటోలోనూ శిఖరం చుట్టూ పొగలాంటి వలయం ఉంది. రెండోసారి కెమెరాను సంచితో సహా బయటి చలిలోనే ఉంచాను, లోపలికి తేవలసి వస్తే ముందుగా జిప్ కవరులో పెట్టి మూసేశాను. ఇలా చేస్తే చెమ్మ కవరు మీద పడుతుంది, గాజు మీద పడదు.

బ్యాటరీల సంగతి ఇందుకు వ్యతిరేకం, వాటిని మాత్రం రాత్రి స్లీపింగ్ బ్యాగులో మీ పక్కనే పడుకోబెట్టాలి. చలికి బ్యాటరీ ఖాళీ అయినట్టు చూపిస్తే పారేయకండి, లోపలి జేబులో వెచ్చబడితే మరికొన్ని ఫోటోలకు సరిపడా తేరుకుంటుంది. యుక్సోమ్ దాటాక కరెంటు మీద ఆశ పెట్టుకోకుండా కనీసం మూడు బ్యాటరీలు, ఒక పవర్ బ్యాంకు ఉంచుకోండి. విమానంలో పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి.

ట్రైపాడ్ లేకుండా కూడా వెళ్లవచ్చు గానీ, చీకటిలో నక్షత్రాలు, తొలి వెలుగు తీయాలంటే లేకపోతే బాధపడతారు. దాని కాళ్లు పూర్తిగా చాచకుండా ఎత్తు తగ్గించి, మధ్య కొక్కేనికి సంచి వేలాడదీస్తే గాలికి తట్టుకుంటుంది. డ్రోను ఇంట్లోనే ఉంచండి. ఈ దారి 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన కాంచన్‌జంగా నేషనల్ పార్కులో ఉంది, అనుమతి లేనిదే ఎగరేయకూడదు. వ్యూఫైండర్‌లో చూస్తూ ఒక్క అడుగు కూడా, ముఖ్యంగా వెనక్కి, వేయకండి. తలనొప్పి, వాంతులు మొదలైతే వ్యూ పాయింట్ సంగతి మరచి గైడ్‌కు చెప్పి కిందికి దిగండి.

ఫోను సరిపోతుందా అంటే, పగటిపూట దారిలో రోడోడెండ్రాన్ అడవులకూ, ప్రేక్ చూ ఏటికీ, తోటివారికీ భేషుగ్గా సరిపోతుంది. తెల్లవారుజామున దూరపు కొన మీద వెలుగుకు మాత్రం సరిపోదు. సమితి సరస్సు దగ్గర తిరుగు దారిలో ఆగే ఉద్దేశం ఉంటే, గాలి లేచేలోపే నీళ్లలో కొండ నీడ నిలుస్తుంది కాబట్టి, వ్యూ పాయింట్ నుంచి త్వరగా దిగుదామని ముందు రోజే మీ గైడ్‌తో మాట్లాడి పెట్టుకోండి.