మూడు నెలల స్టాకు ఇప్పుడే కొనకండి

గుంటూరు నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "నాన్నగారికి 71 ఏళ్ళు. నాలుగు నెలల క్రితం ప్రొస్టేట్ తీసేశారు. అప్పటి నుంచి మూత్రం ఆగడం లేదు. రోజుకు ఐదు డైపర్లు, ఒక్కోటి 40 రూపాయలు. డాక్టరుగారు కండోమ్ కాథెటర్ (కండోమ్‌లా పైన తొడిగితే మూత్రాన్ని గొట్టం ద్వారా బ్యాగులోకి పంపే తొడుగు) వాడి చూడమన్నారు. అది ఒక్కోటి 160. 90 ఒకేసారి తీసుకుంటే 13,000కి ఇస్తామని షాపులో అంటున్నారు. నాన్నగారి ఎఫ్‌డీ తీసి కొననా?"

వద్దండీ, ఎఫ్‌డీ జోలికి వెళ్ళకండి. షాపువాళ్ళు తగ్గించేది 1,400 రూపాయలు. సైజు కుదరకపోతే పోయేది 13,000. మా పెదనాన్నగారి విషయంలో మేం చేసిన తప్పే ఇది. కొలత తీసుకోకుండా పెట్టె తెచ్చాం. అది వదులై జారిపోయేది, పంచె తడిసిపోయేది. వాడని పాకెట్లు చాలాకాలం బీరువా అరలో అలాగే ఉండిపోయాయి.

ఇవి మిల్లీమీటర్ల లెక్కన 25, 29, 32, 36 ఇలా వస్తాయి. వదులైతే కారుతుంది, బిగువైతే చర్మం ఒరుసుకుపోతుంది, వాపు వస్తుంది. కొలిచే కాగితం పట్టీ కంపెనీలే ఇస్తాయి, షాపులో అడిగి తీసుకోండి. కొలత రెండు సైజుల మధ్య పడితే రెండిటిలోనూ ఐదేసి కొనండి. కాలికి కట్టుకునే బ్యాగు ఒకటి, రాత్రికి రెండు లీటర్ల బ్యాగు ఒకటి చాలు. అన్నీ కలిపి రెండు వేల చిల్లరలో అయిపోతుంది. కొత్తపేట మెడికల్ షాపుల్లో విడిగా ఇస్తారేమో రెండు మూడు చోట్ల అడగండి.

రోజుకొకటి మార్చాలి. తీసినప్పుడల్లా సబ్బుతో కడిగి, బాగా ఆరాక కొత్తది వేయాలి. ఎర్రబడినా, మంట అన్నా వెంటనే తీసేసి డాక్టరుకు చూపించండి.

ఇక లెక్క. డైపర్లకు నెలకు 6,000 అవుతోంది. కాథెటర్లకు 4,800, బ్యాగులు, జాగ్రత్తకు రోజుకో డైపరు కలిపితే ఇంచుమించు అంతే. అంటే డబ్బు మిగులుతుందని దీన్ని కొనకండి. నాన్నగారు రాత్రి లేవకుండా నిద్రపోవడానికి, టెన్షన్ లేకుండా గుడికి వెళ్ళి రావడానికి కొనండి. నా దృష్టిలో ఆ 6,000కి అంతకన్నా మంచి ఖర్చు లేదు.

ఇంకో సంగతి. ప్రొస్టేట్ తీసేశాక చాలామందికి ఏడాదిలోపు మూత్రం మీద పట్టు క్రమంగా తిరిగొస్తుంది. కెగెల్ వ్యాయామాలు, అంటే మూత్రాన్ని ఆపుకునే కండరాలను బిగించి వదిలేవి, మానకుండా చేయించండి. అవసరం రోజురోజుకూ తగ్గే అవకాశం ఉన్నప్పుడు స్టాకు పెట్టుకోవడం ఎందుకు?

ఇంట్లో వాడుకునే ఇలాంటివాటికి మామూలు హెల్త్ పాలసీలు డబ్బు ఇవ్వవు. నాన్నగారికి పాలసీయే లేకపోతే, పాత పన్ను పద్ధతిలో 80డి అని మనం పిలిచే మినహాయింపు ఉంది. 60 దాటినవారి వైద్య ఖర్చుకు ఏడాదికి 50,000 వరకు వర్తిస్తుంది. నగదు చెల్లింపులకు మాత్రం రాదు. కాబట్టి ఫోన్‌పేలోనో కార్డుతోనో కట్టండి. బిల్లులు, డాక్టరు చీటీ ఒక కవర్లో పెట్టి ఆడిటరుకు చూపించండి.

రెండు వారాలు వాడాక నాన్నగారు "బాగుందిరా" అంటే, కుదిరిన సైజులో నెలకొక్క పెట్టె చొప్పున కొనండి.