అమ్ములూ, ఆ పాడ్‌కాస్ట్ ఉద్యోగంలో చేరేముందు ఇది చదువు

అమ్ములూ,

బ్రూక్లిన్‌లో ఏదో పాడ్‌కాస్ట్ కంపెనీలో నీకు అసోసియేట్ ప్రొడ్యూసర్ ఆఫర్ వచ్చిందని మా అన్నయ్య, అదే మీ నాన్న, ఫోన్ చేసి చెప్పాడు. సాఫ్ట్‌వేర్ కాదే అన్న దిగులు గొంతులో తెలుస్తూనే ఉంది కానీ గర్వం కూడా దాచుకోలేకపోయాడు. నాకైతే ముందు కళ్ళలో నీళ్ళొచ్చాయి, నా తర్వాత మన ఇంట్లో ఈ సౌండ్ పనిలోకి ఇంకెవరూ రారనే అనుకున్నా. తర్వాత రాత్రంతా నిద్ర లేదు. వాయిస్ మెసేజ్ పెడితే వంట చేసుకుంటూ వినేస్తావని కూర్చుని రాస్తున్నా, కుదురుగా చదువు.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తా. న్యూయార్క్ సిటీలో 2022 నవంబర్ నుంచి జాబ్ యాడ్‌లోనే జీతం రేంజ్ వేయాలి, ఆ యాడ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. ఇదివరకు నీకెంత ఇచ్చారని వాళ్ళు అడగకూడదు, అడిగినా చెప్పకు. ఎపిసోడ్ చివర క్రెడిట్స్‌లో నీ పేరు ఏ హోదాతో చదువుతారో ముందే రాయించుకో. మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కో, వాల్యూమ్ తగ్గించి ఎడిట్ చెయ్, చెవులు పోతే మళ్ళీ రావు.

ఇక నన్ను పడుకోనివ్వని సంగతి. అమెరికాలో మనల్ని తక్కువగా చూస్తారేమో అని మీ నాన్న భయం. అది కూడా జరగొచ్చు, కాదనను. నా భయం వేరే. నీకు లోపల కుర్చీ బాగానే దొరుకుతుంది, దొరికాక నీ వెనక నిలబడ్డవాళ్ళు నీకు కనపడకుండా పోతారేమో అని.

రిప్లై ఆల్ అనే షో పేరు మీ కోర్సులో వినే ఉంటావు. గిమ్లెట్ అనే కంపెనీది, 2014లో బ్రూక్లిన్‌లో పుట్టింది, 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై కొనుక్కుంది. 2020 జూన్‌లో బోన్ ఆపెటీ అనే వంటల పత్రికలో గొడవైంది, ఎడిటర్ ప్యూర్టో రికో వాడిలా వేషం వేసుకున్న పాత ఫోటో ఒకటి బయటికొచ్చి రాజీనామా చేశాడు, వీడియోల్లో కనపడినందుకు తెల్లవాళ్ళకి మాత్రమే డబ్బులిస్తున్నారని సోహ్లా ఎల్-వేలీ బయటికే చెప్పింది, కంపెనీ కాదంది. ఆ కథని 2021 ఫిబ్రవరిలో రిప్లై ఆల్ వాళ్ళు నాలుగు భాగాలుగా చేద్దామని మొదలుపెట్టారు. చేసింది శ్రుతి పిన్నమనేని. ఆ ఇంటిపేరు మొదటిసారి విన్నప్పుడు నేనెంత మురిసిపోయానో నీకు చెప్పలేను, అంత పెద్ద షోలో మన తెలుగువాళ్ళ ఇంటిపేరు, పైగా రిపోర్టింగ్‌లో గట్టి పనిమంతురాలు. రెండు భాగాలు వచ్చాయో లేదో అదే గిమ్లెట్‌లో ఇదివరకు పనిచేసిన ఎరిక్ ఎడింగ్స్ అనే నల్లజాతి హోస్ట్ ట్విట్టర్‌లో వరసగా రాశాడు, మీరు వాళ్ళ ఆఫీసు గురించి చెప్తున్నదే మా ఆఫీసులోనూ జరిగింది, మేం యూనియన్ పెట్టుకుంటున్నప్పుడు శ్రుతీ, హోస్ట్ పీజే వోట్ దానికి అడ్డం తిరిగారు అని. ఇద్దరూ క్షమాపణ చెప్పారు, షో నుంచి తప్పుకున్నారు. మిగతా రెండు భాగాలు రానేలేదు. షో కూడా 2022 జూన్‌లో ఆగిపోయింది.

ఆమెని తిట్టిపోయడానికి ఇది చెప్పట్లేదమ్మా. తప్పు బయటపడ్డాక అందరిముందూ ఒప్పుకుంది, అదీ చిన్న విషయం కాదు. నేను ఆలోచించేది ఒకటే, వేరే ఆఫీసులో జరిగిన అన్యాయాన్ని అంత బాగా వినగలిగిన చెవికి పక్క డెస్క్ ఎందుకు వినపడలేదు? నా లెక్కలో అక్కడ రంగు ఒక్కటే పనిచేయలేదు. పెద్ద షోలో ఉన్నవాళ్ళకి టైమ్ ఉంటుంది, బడ్జెట్ ఉంటుంది, బాస్ తలుపు తీసే ఉంటుంది, అలాంటివాళ్ళకి యూనియన్ అంటే ఇప్పుడిదంతా ఎందుకు అనిపిస్తుంది. చిన్న షోలో కాంట్రాక్ట్ మీద పనిచేసే పిల్లకి అదొక్కటే దిక్కు. 2019లో రైటర్స్ గిల్డ్ ఈస్ట్ అనే రచయితల యూనియన్‌తో కలిసి మొదలుపెట్టిన ఆ యూనియన్‌కి 2021 ఏప్రిల్‌లో గానీ మొదటి ఒప్పందం కుదరలేదు, కుదిరాక కనీస జీతాలు కాగితం మీదకొచ్చాయి. అదే కావలసింది, ఎవరు ఎవరికి స్నేహితులన్నదాన్ని బట్టి జీతం ఉండకుండా.

ఇది మన దాకా ఎందుకు తెస్తున్నానంటే, మన తెలుగునాట మనం ఎప్పుడూ లోపలివాళ్ళమే. నా చిన్నప్పుడు రేడియో అంటే విజయవాడ కేంద్రం, అందులో వినపడేది అచ్చం మన ఇంట్లో మాట్లాడే తెలుగే. శ్రీకాకుళం యాసో తెలంగాణ యాసో నేను విన్నంతలో నాటకంలో పనివాడికో, నవ్వించేవాడికో పెట్టేవారు. రేడియోలో మన భాష రాదేంటి అని అనుకోవలసిన అవసరం మనకి ఒక్క రోజూ రాలేదు. అలా పెరిగినవాళ్ళం ఇక్కడికొచ్చి రంగు మారగానే అణిగిపోయినవాళ్ళ కష్టం మనకి దానంతటదే తెలిసిపోతుందా? తెలియదు, నేర్చుకోవాలి. న్యూజెర్సీలో ఎడిసన్ ఊళ్ళో మనవాళ్ళ పార్టీల్లో నల్లజాతివాళ్ళ గురించి ఏం మాట్లాడతారో నువ్వూ విన్నావు, నీ ప్లేట్ పట్టుకుని ఊరుకున్నావు కూడా, నేను చూశాను. నోట్లోంచి రాకపోయినా అలాంటివి మనసులో ఉంటే ఎవరి టేప్ ఉంచాలి ఎవరిది కత్తిరించాలి అన్నదగ్గర బయటపడతాయి.

నేను పనిచేసిన ఒకచోట, అమెరికాలోని జార్జియా రాష్ట్రం నుంచి ఒక పెద్దావిడ ఇంటర్వ్యూ, ఆమె మాట్లాడుతుంటే వదలబుద్ధి కాదు. వినేవాళ్ళకి ఆ యాస అర్థం కాదు, హోస్ట్ వాయిస్‌తో కప్పేయండి అన్నాడు ఎడిటర్. అదే వారం స్కాట్లాండ్ జాలరి ఒకాయన మాట మాత్రం ఒక్క ముక్క కూడా కప్పకుండా వెళ్ళింది. ఇదేంటి అని అడిగింది టేప్ తెచ్చిన ప్రొడ్యూసర్, నల్లజాతి అమ్మాయి, ఎవరూ తల ఎత్తలేదు. కొన్నాళ్ళకి ఆమెతో పనిచేయడం కష్టం అన్న పేరు పడింది, వెళ్ళిపోయింది. ఆ సీట్లోకి ఎవర్ని తీసుకున్నారో తెలుసా, మన ఇండియన్ కుర్రాడిని. లెక్కకి సరిపోయింది, డైవర్సిటీ తగ్గలేదని రిపోర్ట్‌లో రాసుకున్నారు. అందుకే చెప్తున్నా, చేరాక నీకు ముందు ఆ సీట్లో ఎవరున్నారో, ఎందుకు వెళ్ళారో కనుక్కో. వీలైతే వాళ్ళకే మెసేజ్ పెట్టి మాట్లాడు.

నీ గొంతు కూడా మార్చుకోకు నాన్నా. చెంజెరాయ్ కుమన్యికా అనే నల్లజాతి ప్రొఫెసర్, రేడియో పని కూడా చేసేవాడు, 2015లో రాశాడు, తన స్క్రిప్ట్ తనే చదువుతుంటే బుర్రలో వేరే ప్రసిద్ధ హోస్టుల గొంతు వినపడుతోందని, తెలియకుండానే దాన్ని అనుకరిస్తున్నానని. నువ్వు ఫోన్లో అన్నయ్యతో మాట్లాడే గొంతు చాలా బాగుంటుంది, దానితోనే చదువు.

ఇంకోటి, ఇండియన్ పేరున్న ప్రతి స్క్రిప్టూ తప్పులుంటే చూడమని నీకే పంపిస్తారు, అది నీ పనివేళల్లో, క్రెడిట్‌తో అయితేనే చెయ్. సైన్స్, డబ్బు, క్రైమ్ కథలు కూడా పిచ్ చెయ్, మనవాళ్ళ కథలకే నిన్ను కట్టేయనివ్వకు. 2020లో లండన్‌లో రెనే రిచర్డ్‌సన్ మొదలుపెట్టిన ఈక్వాలిటీ ఇన్ ఆడియో ప్యాక్ట్ అని, ఆడియో కంపెనీలు సంతకం చేసే హామీపత్రంలో ఈ మాట ఉంది, ఇంటర్న్‌లకి డబ్బులివ్వాలన్న మాటా ఉంది. మీ కంపెనీ సంతకం చేసిందా అని అడుగు.

వీసా సంగతి నాకు అన్నిటికన్నా భయం. ఓపీటీలో, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసుకోనిచ్చే గడువులో, మొత్తం 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు, రేపు హెచ్1బీ వచ్చినా ఉద్యోగం పోతే 60 రోజులే, ఇది వాళ్ళకీ తెలుసు, మనవాళ్ళు నోరు మూసుకునేది ఇక్కడే. కానీ తోటి ఉద్యోగులతో జీతాల గురించి మాట్లాడుకోవడం 1935 నాటి లేబర్ చట్టం ఇచ్చిన హక్కు, వీసా మీద ఉన్నా పోదు. అదే చట్టం కాంట్రాక్టర్‌కి వర్తించదు, అందుకే ఉద్యోగిగా తీసుకుంటున్నారా లేదా అన్నది గట్టిగా చూసుకో. మూడు నాలుగు నెలల ఖర్చు నా దగ్గర తీసుకుని పక్కన పెట్టుకో, మొహమాటపడకు, భయం తగ్గితేనే నోరు లేస్తుంది.

చివరగా ఐపీ క్లాజ్, అంటే నువ్వు చేసిన పని ఎవరి సొంతమో చెప్పే షరతు. మా అమ్మ చేత నువ్వు చెప్పించి రికార్డ్ చేసిన కథలున్నాయే, అవి చేరకముందు నువ్వు చేసుకున్నవని, నీవేనని ఆ కాంట్రాక్ట్‌లోనే లిస్ట్ రాయించు. లేకపోతే రేపు వాటితో షో చేద్దామంటే కంపెనీని పర్మిషన్ అడగాల్సొస్తుంది. సంతకం శుక్రవారం అన్నాడు అన్నయ్య, గురువారం పొద్దున్నకల్లా కాగితాలన్నీ నాకు పంపు, నాకు తెలిసిన లాయర్ ఆవిడకి చూపిస్తాను.

నీ అత్త