శతమానం ‘భవతి’యా, ‘భవతు’వా?

సందేహం: మా నాయన షష్టిపూర్తి పత్రికలో ‘శతమానం భవతు’ అని వేయించాం. పురోహితులు మాత్రం అక్షతలు వేస్తూ ‘భవతి’ అనే చదివారు. దీవెన గదా, ‘భవతు’ అనొద్దా? – ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: ‘భవతి’యే సరి. మీ తర్కం కూడా తప్పేం కాదు. సంస్కృతంలో దీవెనకు ‘భవతు’ (అగుగాక) రావాలి. చిక్కల్లా ఆ వాక్యం పుట్టుకతో దీవెన కాకపోవడమే.

అది కృష్ణ యజుర్వేదపు తైత్తిరీయ సంహిత రెండో కాండలో, దీర్ఘకాలం జబ్బుపడ్డవాడి కోసం చేసే ఇష్టిలో (చిన్న యజ్ఞంలో) వస్తుంది. రోగి చేత బంగారం మీదుగా నెయ్యి తాగిస్తారు. ఆ బంగారం ఎంతుండాలి? ‘శతమానం భవతి’, నూరు మానాల ఎత్తు ఉంటుంది. ఇక్కడ మానమంటే కృష్ణలం, మన గురిగింజ ఎత్తు. నూరు గింజలంటే నేటి లెక్కలో సుమారు 12 గ్రాములు. నూరే ఎందుకంటే ‘శతాయుః పురుషః శతేంద్రియః’: మనిషి ఆయుష్షు నూరు, శక్తులు నూరు. ఇంద్రియమంటే ఇక్కడ కన్నూ ముక్కూ కాదు, సత్తువ. తూకం చెప్పే మాటను ‘భవతు’ అని దిద్దితే ‘బంగారం నూరెత్తు ఉండుగాక’ అవుతుంది! పైగా అది వేదవాక్యం, దిద్దే హక్కు మనకు లేదు.

ఆ వాక్యం చివర ‘ఆయుష్యేవేంద్రియే ప్రతితిష్ఠతి’ (ఆయుష్షులోనే, సత్తువలోనే నిలుస్తాడు) అని ఉంటుంది. పత్రికల్లో ఇంకో తప్పు దాన్ని ‘ఆయుష్యే వేంద్రియే’ అని విరవడం. అది ఆయుషి + ఏవ + ఇంద్రియే. ‘ఆయుష్యేవేంద్రియే’ అని కలిపే వేయాలి. వరుసలో పట్టకపోతే ‘ప్రతితిష్ఠతి’కి ముందు విరవండి.

తెలుగులో కావాలంటే ‘నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి’ చాలు. ‘నూరేళ్లు నిండాలి’ అని మాత్రం వేయించకండి. ‘వానికి నూరేళ్లు నిండినాయి’ అంటే పోయేకాలం వచ్చిందనే గదా! ‘నిండు’ ముందుంటే దీవెన, వెనక్కి పోయి క్రియైతే శాపం.

మీరు ‘షష్టి’ అని సరిగానే రాశారు. ఫ్లెక్సీల మీద ఎక్కువగా కనబడేది ‘షష్ఠిపూర్తి’. ఠ ఒత్తు పడితే అది ఆరో తిథి, సుబ్రహ్మణ్య షష్ఠిలోది. అరవైకి ట ఒత్తే. పరాభవ నామ సంవత్సరంలో (1966–67) పుట్టినవారికి అరవయ్యేళ్లకు మళ్లీ పరాభవ 2026–27లో వస్తుంది. వారి షష్టిపూర్తి పత్రికలు వేయించేవాళ్లు ప్రూఫులో ముందు ఆ ఒత్తు చూసుకోవాలి.