నైట్ షిఫ్టు చేసేవాళ్లకి ప్రార్థన టైమ్ – సమాధానం

వందనాలు బ్రదర్. రాయగడలో మిల్లు డ్యూటీ, వారానికో షిఫ్టు, తెల్లవారుజామున ప్రార్థన కుదరట్లేదు, పిల్లలకి ఒడియా తప్ప తెలుగు చదవడం రాదు, ఇంట్లో కుటుంబ ప్రార్థన ఆగిపోయింది అని బాధపడ్డారు కదా.

ముందు ఆ తెల్లవారుజాము పట్టుదల వదిలేయండి. యేసు ప్రభువు ఇంకా చీకటుండగానే లేచి ప్రార్థించాడని మార్కు 1:35లో ఉంది నిజమే, కానీ లూకా 6:12లో రాత్రంతా ప్రార్థించాడని కూడా ఉంది, పౌలు సీలలు అయితే జైల్లో అర్ధరాత్రి పాటలు పాడారు. 134వ కీర్తన చూడండి, మూడే వచనాలు, మందిరంలో రాత్రి నిలబడే సేవకుల కోసమే రాసింది, నైట్‌కి వెళ్లేముందు అది చదువుకుని బయల్దేరండి, దారిలో నోటికి వచ్చేస్తుంది.

పిల్లల సంగతి నాకు ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది. ఒడియా బైబిల్ ఒకటి కొనండి, ఫోన్‌లో యాప్ అయినా పర్లేదు. మార్కు సువార్త 16 అధ్యాయాలే, రోజుకి సగం అధ్యాయం, ముందు వాళ్లు ఒడియాలో చదవాలి, తర్వాత అదే భాగం మీరు తెలుగులో చదవండి, అర్థం కానిచోట అడుగుతారు, ఆ మాటల్లోనే సగం ప్రార్థన అయిపోతుంది. పాట మాత్రం తెలుగులోనే పాడించండి, చదవడం రాకపోయినా విని నేర్చేసుకుంటారు.

టైమ్ గడియారాన్ని బట్టి కాకుండా భోజనాన్ని బట్టి పెట్టుకోండి, షిఫ్టు ఏదైనా అందరూ కలిసి తినే పూట ఒకటి ఉంటుంది కదా, కంచాలు పెట్టకముందే పది నిమిషాలు. మీరు లేని రోజు మీ భార్య, మన చెల్లెమ్మ, నడిపిస్తారు.

ఆదివారం డ్యూటీ పడితే దగ్గర్లో ఒడియా సంఘంలో సాయంత్రం ఆరాధన ఉందేమో అడగండి, భాష వేరైనా ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) ఒకటే.