రెండు గ్రాఫిక్స్ కార్డులు పెట్టినా గేమ్ ఎందుకు నత్తనడక నడుస్తుంది?

చాలాసార్లు కార్డుల తప్పేం కాదు, ఆ గేమ్‌కి రెండు కార్డుల్ని కలిపి పనిచేయించే ఎస్ఎల్ఐ (ఎన్విడియాది), క్రాస్‌ఫైర్ (ఏఎండీది) సపోర్ట్ లేకపోవడమే కారణం, అప్పుడు రెండో కార్డు ఊరికే కూర్చుంటుంది లేదా ఉన్న స్పీడ్‌ని కూడా చెడగొడుతుంది.

ఎక్కువగా ఒక ఫ్రేమ్ (తెరమీద వచ్చే ఒక్కో బొమ్మ) మొదటి కార్డు, తర్వాతది రెండో కార్డు, ఇలా వంతులేసుకుని గీస్తాయి. కానీ ఇప్పటి గేముల్లో టీఏఏ (బొమ్మల అంచుల్ని నునుపు చేసే పద్ధతి) లాంటి వాటికి ముందు ఫ్రేమ్ డేటా కావాలి, అదేమో పక్క కార్డులో ఉంటుంది కాబట్టి కాపీ అయ్యేదాకా ఆగాలి, దాంతో ఫ్రేములు సమానమైన గ్యాప్‌లో రాక ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) 60 చూపిస్తున్నా ఆట కుదుపులుగానే ఉంటుంది. పైగా డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ (గేమ్ గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించుకునే సాఫ్ట్‌వేర్లు) వాడే గేముల్లో ఈ పంపకం కార్డు డ్రైవర్ చూసుకోదు, గేమ్ తయారుచేసేవాళ్లే కోడ్ రాయాలి, చాలామంది రాయరు (రెండు కార్డులు వాడేవాళ్లు ఎంతమందని!). ఎన్విడియా కూడా 2021 జనవరి నుంచి కొత్త ఎస్ఎల్ఐ ప్రొఫైళ్లు (ఏ గేమ్‌ని రెండు కార్డుల మీద ఎలా నడపాలో డ్రైవర్‌కి చెప్పే సెట్టింగులు) ఇవ్వడం ఆపేసింది.

జీటీఎక్స్ 1080లు రెండున్నాయనుకోండి, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ఎస్ఎల్ఐ ఆఫ్ చేసి అదే గేమ్ అదే చోట ఆడి చూడండి. ఎఫ్‌పీఎస్ అంతే ఉంటే రెండోది పనిచేయట్లేదన్నట్టు, పెరిగితే అదే అడ్డం, ఆ గేమ్‌కి ఆఫ్‌లోనే ఉంచేయండి.

ఇంకోటి, 8 జీబీ మెమరీ ఉన్న కార్డులు రెండు పెడితే 16 జీబీ వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదండీ, అవే టెక్స్చర్లు (గేములో వస్తువుల మీద పరిచే బొమ్మలు) రెండిట్లోనూ లోడ్ అవుతాయి కాబట్టి గేమ్‌కి దక్కేది 8 జీబీయే.