పీలేరుకు పది అంకెలు

తిరుపతి,
ఆదివారం రాత్రి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి నచ్చింది, రెండోసారి కోపం వచ్చింది. అందుకే పోయిన వారం చిత్తూరు వచ్చి మీ ఇంట్లో ఆ యంత్రాన్ని చూసి, మీ అమ్మమ్మ పెట్టిన సంగటి తిని వెళ్లాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

"తాతగారి బల్ల మీద ఒక పాత ప్రింటర్ మౌనంగా కాలాన్ని మోస్తోంది" అని మొదలుపెట్టావు. ప్రింటర్ కాలాన్ని మోయదమ్మా, కాగితాన్ని మోస్తుంది. ఆ కాగితం ఎంత వెడల్పు, దాని మీద ఏమి పడింది, ఎందుకు పడింది అన్నది నీ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. మౌనం మాత్రం ఐదుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను.

ఆ యంత్రం పేరు పీసీ-100సీ. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లది. ఒంటరిగా అది ఏ పనీ చేయదు. 1977లో వచ్చిన టీఐ-59 అనే కాలిక్యులేటర్‌కు బ్యాటరీ తీసేసి ఈ ప్రింటర్ వీపు మీద కూర్చోబెడితే రెండూ ఒకటవుతాయి. అప్పట్లో అమెరికాలో ఆ కాలిక్యులేటర్ ఖరీదు దాదాపు మూడు వందల డాలర్లు. ఎవరూ ఎత్తుకుపోకుండా ప్రింటర్‌కే ఒక తాళం పెట్టారు. ఆ తాళం చెవి ఎక్కడుందో తెలుసా నీకు? మీ అమ్మమ్మ బీరువా తాళాల గుత్తిలో, నల్లపడిన ఇత్తడి చెవి పక్కన ఉంది. నేను అడగగానే తీసి చూపించింది. ఆ బల్ల ముందు కూర్చుని నాలుగు పేజీలు రాశావు, పక్క గదిలో ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేదు.

నాకు ఆ యంత్రం కొత్త కాదు. కుర్రతనంలో భూముల కొలతల ఆఫీసులో ట్రేసరుగా, అంటే పటాలకు నకళ్లు గీసేవాడిగా పనిచేశాను. అమెరికా నుంచి ఎవరో తెచ్చిన యంత్రం కాబట్టి కరెంటు తగ్గించడానికి ఇటుక సైజు ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పక్కన గుయ్యిమంటూ ఉండేది. అంతకు ముందు లెక్కలన్నీ లాగరిథమ్ పట్టికల పుస్తకంతోనే. సర్వేయరు ఒక రాయి దగ్గర బయలుదేరి, ఒక్కో గీతకూ కోణం, పొడవు రాసుకుంటూ చెరువు చుట్టూ తిరిగి అదే రాయి దగ్గరికి వస్తాడు. కాళ్లు వస్తాయి గానీ లెక్క రాదు. ఎంతో కొంత తేడా మిగులుతుంది. ఆ తేడా ఒప్పుకోదగినదా, మళ్లీ ఎండలోకి పోవాలా అన్నది తేలాలంటే గీత గీతకూ సైను, కొసైను తీయాలి. ముప్పై గీతల చెరువుకు ఒక రోజు పోయేది. మీ తాత ఆ పనిని కాలిక్యులేటర్‌కు నేర్పాడు. గరిష్ఠంగా 960 మెట్ల ప్రోగ్రామ్ పడుతుంది అందులో. అయితే స్విచ్ ఆపగానే అంతా మరిచిపోతుంది. అందుకే చిన్న మాగ్నెటిక్ కార్డు మీద దాచుకోవాలి, కాగితం మీద అచ్చు వేసి పెట్టుకోవాలి.

మీ తాత కొలతలు రాసుకున్న ఫీల్డు బుక్కులో మడిచి ఉన్న ఆ పొడవాటి చీటీ అదే. నువ్వు దాన్ని "అర్థంకాని అంకెల వాన" అన్నావు. మొదటి వరుస చూడు: 000, 76, ఎల్‌బీఎల్. మొదటిది మెట్టు సంఖ్య, రెండోది మీట సంకేతం, మూడోది దాని పేరు. ఎల్‌బీఎల్ అంటే లేబుల్, ఇక్కడి నుంచి ఒక పని మొదలవుతోందని గుర్తు పెట్టడం. వానలో వరుస సంఖ్యలుండవు. అది మీ తాత రచన. పైనుంచి కిందికి మెట్టు మెట్టుగా చదివితే ఆయన ఏది ముందు ఆలోచించాడో, ఏది తర్వాత గుర్తొచ్చి ఇరికించాడో కనిపిస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది శీర్షికలు. ఆ ప్రింటర్‌లో వరుసకు ఇరవై అక్షరాలే పడతాయి. అదీ ఇంగ్లీషులో, పెద్దబడిలో. ఒక్కో అక్షరానికి రెండంకెల సంకేతం. ఇరవై అక్షరాలను ఐదేసి చొప్పున నాలుగు ముక్కలుగా నింపి, ఆ తర్వాత అచ్చు వేయమనాలి. పీలేరు అని రావాలంటే PILER అనే ఇంగ్లీషు అక్షరాలు ఐదింటికీ 33, 24, 27, 17, 35 అని పది అంకెలు నొక్కాలి. ఒక ఊరి పేరుకు పది నొక్కులు! పేరు లేకపోయినా లెక్క తేడా రాదు. చీటీ మీద చెరువు సంఖ్య పెన్సిలుతో రాసుకుంటే సరిపోయేది. అయినా ఆయన ప్రతి చీటీకీ ఊరి పేరు కొట్టాడు. నీ వ్యాసం ఇక్కడి నుంచి మొదలుకావాలి.

ఆ యంత్రం మీద ట్రేస్ అనే మీట ఒకటుంది. అది నొక్కి పెడితే చేసిన ప్రతి పనీ అచ్చవుతుంది, కూడిక, తీసివేత, మధ్యలో వచ్చిన ప్రతి సంఖ్య. ట్రేసరును కాబట్టి నాకు అది ఇష్టం, కాగితం మూరల కొద్దీ పోతుందని పైవాళ్లకు కష్టం. మీ తాత చీటీలు చూస్తే తేడా ఎక్కువ వచ్చిన చోటే ట్రేస్ వేశాడు. మిగతా చోట్ల ఫలితం మాత్రమే. నువ్వు ఇప్పుడు అన్ని చోట్లా ట్రేస్ వేస్తున్నావు: తలుపు తీశాను, దుమ్ము కనిపించింది, నా మనసు బరువెక్కింది. చిత్తుప్రతిలో వెయ్యి, తప్పు లేదు. నాకు పంపేటప్పుడు దుమ్ము తీసెయ్యి.

హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్ల 1979 నాటి హెచ్‌పీ-41సీ అంతరిక్ష నౌకలో ఎగిరిందని, దాని ప్రింటర్ వరుసకు ఇరవై నాలుగు అక్షరాలు వేసేదని రెండో పేజీలో ఒక పేరా పెట్టావు. నిజమే. కానీ మీ తాత వెళ్లింది పలమనేరుకు, పుంగనూరుకు. ఆ పేరా కొట్టెయ్యి.

ఇక ఒక హెచ్చరిక. ఇది రచన గురించి కాదు, కాగితం గురించి. అందులో సిరా లేదు, రిబ్బన్ లేదు. కాగితం మీద పూతలోనే రంగులేని రంగు, దాన్ని లేపే ఆమ్లపు మందు రెండూ ఉంటాయి. అచ్చు తల చురుక్కుమని వేడి తగిలించిన చోట అవి కరిగి కలిసి చుక్కగా తేలతాయి. కిరాణా బిల్లు మీద గోరుతో గట్టిగా గీసి చూడు, ఆ రాపిడి వేడికే గీత పడుతుంది. బస్సు టికెట్టు చొక్కా జేబులో వెలిసిపోయేదీ ఈ పూత వల్లే. నా దగ్గర అలాంటి చీటీ ఒకటి ఉండేది, నేను మొదట పనిచేసిన చెరువుది. భద్రంగా ఉంటుందని గాంధీ రోడ్డులో ఒక దుకాణానికి తీసుకెళ్లి లామినేషన్ చేయించాను. యంత్రంలోంచి బొగ్గు పలకలాగా బయటికి వచ్చింది. ఆ కుర్రాడు నా మొహం చూసి డబ్బులు తీసుకోలేదు. తప్పు అతనిది కాదు, తెలిసీ తీసుకెళ్లినవాణ్ణి నేను. నువ్వు ప్లాస్టిక్ కవరులోనూ పెట్టకు, టేపూ అంటించకు. ముందు ఫోనుతో ఫోటోలు తీసి, ఆ తర్వాత నీ చేత్తో ప్రతి అంకెనూ నోటుపుస్తకంలోకి దించు. కొత్త చుట్ట కొని నడిపిద్దామనుకుంటావేమో, దానికి రెండున్నర అంగుళాల కాగితం కావాలి. కొట్లలో మామూలు బిల్లుల చుట్ట 57 మిల్లీమీటర్లే, పక్కన ఖాళీ మిగులుతుంది. ఆ తంటా తర్వాత చూద్దాం.

దించేటప్పుడు మూడో చీటీ దగ్గర ఆగు. అందులో పీలేరు తప్పు పడింది. చివరి రెండు అక్షరాలు తారుమారయ్యాయి, 17, 35 అని నొక్కాల్సిన చోట ముందు 35 నొక్కాడు. దాని కిందే సరైన పేరుతో అదే లెక్క మళ్లీ మొత్తం వేశాడు. రెండు లెక్కల్లోనూ మిగిలిన తేడా ఒకటే, చివరి అంకెతో సహా. తప్పుపడిన ముక్క చింపేయొచ్చు, చింపలేదు. పక్కన పెన్సిలుతో ఏదో తేదీ ఉంది, నా కళ్లద్దాలకు అందలేదు. ఆ రోజు ఇంట్లో ఏమి జరిగిందో మీ అమ్మమ్మను అడిగి రాయి.

ఇట్లు,
మీ సార్